బానెట్ మీద ఇంటిపేరు

కారు కొనాలనే మాట ఇంట్లో మొదలైతే మైలేజీ ఎంత, నెలకి వాయిదా ఎంత, డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయి అని నాలుగు రోజులు లెక్కలు నడుస్తాయి. చివరికి మనం అడిగేది మాత్రం ఒక్కటే: "ఇంతకీ కంపెనీ మంచిదేనా?" పెళ్లిసంబంధం వస్తే పెద్దవాళ్లు ముందు ఇంటిపేరు అడిగినట్టన్నమాట. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అనే సామెత కూడా మనదే కదా! కార్ల కంపెనీల సంగతులు చదువుతుంటే నాకు ఈ సామెతే గుర్తొచ్చింది. ఆ కథకి ఒక కొస మన విశాఖపట్నంలోనే ఉంది.

మల్కాపురం, షిప్‌యార్డు వైపు తిరిగేవాళ్లకి సింధియా అనే చోటు తెలుసు. గ్వాలియర్ రాజుల ఇంటిపేరు మన ఊరికెలా వచ్చిందని ఎప్పుడైనా అనుకున్నారా? 1919లో వాల్‌చంద్ హీరాచంద్, మరికొందరు వ్యాపారులు కలిసి బొంబాయిలో ఓడల కంపెనీ పెట్టారు. వాళ్లు కొన్న మొదటి ఓడ 'లాయల్టీ' గ్వాలియర్ మహారాజా సింధియాది. అంతకుముందు అదే ఓడ 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా' అనే పేరుతో ఒక కెనడా కంపెనీ కింద తిరిగింది. ఓడ అమ్మినవారి పేరు కొన్న కంపెనీకి వచ్చింది. ఆ సింధియా కంపెనీ ఇక్కడ ఓడల కార్ఖానా పెడితే, కంపెనీ పేరు కాస్తా మన పేటకి అంటుకుంది.

ఆ కార్ఖానాకి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అన్ని ఆటంకాలూ దాటి 1948 మార్చి 14న 'జల ఉష' అనే ఓడని నెహ్రూ నీటిలోకి దించారు. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది, 1961కి పూర్తిగా ప్రభుత్వానిది, 2010లో రక్షణశాఖ కిందకి వెళ్లింది. ఇన్ని చేతులు మారినా బస్సు దిగేవాళ్లు మాత్రం ఇప్పటికీ "సింధియా" అనే అంటారు.

ఇప్పుడు కారు దగ్గరకొద్దాం. ఆ వాల్‌చంద్ గారే 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ మొదలుపెట్టారు. మొదట అమెరికాలోని క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం. అక్కడి నుంచి వచ్చిన భాగాలు బిగించి డాడ్జ్, ప్లిమత్ కార్లు తయారుచేశారు. 1950ల్లో ఇటలీ వాళ్ల ఫియట్‌తో పొత్తు కుదిరింది. మన అమ్మల కాలంలో అందరూ "ఫియట్ కారు" అని గొప్పగా చెప్పుకున్నది ప్రీమియర్ వాళ్లు చేసిన ఆ బండినే. వాల్‌చంద్ గారు 1953లోనే పోయారు. 1970ల్లో ఆ కారుకే చిత్తోడ్ రాణి పేరు పెట్టి 'పద్మిని' అన్నారు. ఆయన మొదలుపెట్టిన ఒక కార్ఖానా నుంచి ఉష, ఇంకోదాని నుంచి పద్మిని!

పద్మిని, అంబాసిడర్ గురించి ఇప్పటికీ పెద్దవాళ్లు "ఆ రోజుల్లో బళ్లు గట్టివమ్మా" అంటూ ఉంటారు. నిజం చెప్పాలంటే అవి చెడిపోని కార్లు కావు, బాగుపడే కార్లు. రేడియేటర్ వేడెక్కేది, చలికాలం పొద్దున్నే స్టార్ట్ అయ్యేది కాదు. కానీ ఏ ఊరి మెకానిక్‌కైనా దాని లోపలి సంగతి తెలుసు, సామాను ఎక్కడైనా దొరికేది. లైసెన్సుల కాలంలో కొత్త మోడళ్లు రాక, ఏళ్ల తరబడి అవే బళ్లు తయారవడం వల్ల కలిగిన మేలు అది. బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయంటే కారణం అదే. ఇప్పటి బళ్లు అంత తరచుగా చెడిపోవు గానీ, చెడిపోతే రోడ్డు పక్క మెకానిక్ చెయ్యి పెట్టలేడు. మా పక్కవాటా వదినగారి కారుకి ఒక చిన్న సెన్సర్ పోతే పదిహేను రోజులు షెడ్డులోనే ఉంది. కంపెనీ పేరెందుకు లెండి.

ఆ పాత పేర్లన్నీ ఇప్పుడు ఎక్కడ చేరాయో చూడండి. ప్రీమియర్ వాళ్లు 1994లో ఫ్రాన్సు వాళ్ల ప్యూజోతో కూడా కలిసి కారు తెచ్చారు. మూడు నాలుగేళ్లకే అది మూలపడింది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరుని 80 కోట్లకి కొనుక్కున్నది కూడా ప్యూజో వాళ్లే. 2021 జనవరిలో ఫియట్, క్రైస్లర్, ప్యూజో అన్నీ కలిసి స్టెల్లాంటిస్ అనే ఒకే కంపెనీ అయ్యాయి. ఒకప్పుడు వాల్‌చంద్ కంపెనీ వేర్వేరు దేశాల్లో వెతుక్కున్న ముగ్గురు వియ్యంకులూ ఇవాళ ఒకే ఇంటివాళ్లు!

మన రాష్ట్రంలోని పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా సంగతీ చిత్రమే. కొరియాలో 1997లో దివాలా తీస్తే మరుసటి ఏడు హ్యుందాయ్ కొనుక్కుంది. ఇప్పుడు కియాలో మూడో వంతు హ్యుందాయ్‌ది. కియాకేమో మోబిస్ అనే విడిభాగాల కంపెనీలో 17 శాతం దాకా వాటా. ఆ మోబిస్‌కి మళ్లీ హ్యుందాయ్‌లో 21 శాతం దాకా. ముగ్గురు తోడికోడళ్లు ఒకరి నగలు ఒకరు పెట్టుకుని పెళ్లికెళితే, ఏ గొలుసు ఎవరిదో అత్తగారు కూడా చెప్పలేనట్టుంది కదూ! టయోటా గ్లాంజా అయితే మారుతి బాలెనోయే, ముఖం కొంచెం మార్చి వేరే పేరు పెట్టారు, అంతే.

యజమాని మారితే ఏమవుతుందో విశాఖవాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఉక్కు ఫ్యాక్టరీలో తన వాటా మొత్తం అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి ఇక్కడ ఎన్ని ఇళ్లలో ఆ మాటే నడిచిందో మనకి తెలుసు. కారు విషయంలో దెబ్బ అంత పెద్దది కాదు, కానీ మధ్యతరగతి ఇంట్లో ఇల్లు తరవాత పెద్ద ఖర్చు అదే. షెవ్రొలే అమ్మే జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నామని 2021 సెప్టెంబరులో చెప్పింది. 2008లో ఫోర్డ్ దగ్గర జాగ్వార్, ల్యాండ్ రోవర్ కొన్న టాటాలే 2023లో గుజరాత్‌లోని ఆ కంపెనీ ఫ్యాక్టరీని కూడా తీసుకున్నారు. సర్వీసు ఆపం అని కంపెనీ మాట ఇచ్చినా, కారు కొని రెండేళ్లు కాని ఇల్లాలికి గుండెల్లో రాయి పడకుండా ఉంటుందా?

అందుకే షోరూములో "కంపెనీ మంచిదేనా" అని అడిగి ఊరుకోకండి. ఈ ఇంజను ఎక్కడ తయారైంది, ఇదే ఇంజను ఇంకే కారులో ఉంది, విశాఖలో సర్వీసు సెంటర్లు ఎన్ని, శ్రీకాకుళం వెళుతుంటే దారిలో ఆగిపోతే ఎవరొస్తారు, సామాను ఎన్నాళ్లకి వస్తుంది అని అడగండి. ఆ తరవాత అదే కారుని అయిదేళ్లుగా నడుపుతున్న ఇల్లు ఒకటి వెతుక్కుని, ఆ ఇంటావిడతో ఒక్క పది నిమిషాలు మాట్లాడండి. సంబంధం చూసేటప్పుడు మన అమ్మమ్మలు చేసిన పని కూడా అదే.