రెండోవాడి మైదానం

ప్యాటర్సన్‌లో కాపురం పెట్టిన కొత్తలో ఈస్ట్‌సైడ్ పార్కు దగ్గర ఒక బోర్డు చూసి ఆగిపోయాను. ‘లారీ డాబీ ఫీల్డ్’ అని చదువుకున్నాను. మాది ధర్మవరం. మా ఇంట్లో డాబీ అంటే మగ్గం మీద అంచు డిజైను కోసం పడుగు పోగుల్ని ఎత్తే పరికరం. ప్యాటర్సనేమో ఒకప్పుడు అమెరికా మొత్తానికి పట్టు నేసిన ఊరు, మారుపేరే సిల్క్ సిటీ. ఎవరో మిల్లు ఆసామి పేరు మైదానానికి పెట్టుకున్నారనుకున్నాను. లోపల బేస్‌బాల్ ఆటగాడి కంచు విగ్రహం చూశాక నా తప్పు తెలిసింది. ఆయన పేరు డోబీ. మగ్గం డాబీకి ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ.

అప్పట్లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నేషనల్, అమెరికన్ అని రెండు లీగులు ఉండేవి. రెండింటిలోనూ దశాబ్దాల పాటు నల్లవాళ్లను అడుగు పెట్టనివ్వలేదు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ నేషనల్ లీగ్‌లో ఆ తలుపు తెరిచాడు. జులై 5న లారీ డోబీ అమెరికన్ లీగ్‌లో తెరిచాడు. మధ్యలో ఉన్నది 11 వారాలు. రాబిన్సన్ పేరు మన క్రికెట్ పిచ్చివాళ్లకు కూడా తెలుసు. డోబీ పేరు మాత్రం నాలాంటివాడు మగ్గం అనుకునేంత దూరంలో ఉండిపోయింది. రాబిన్సన్ తిన్న తిట్లన్నీ ఈయనా తిన్నాడు. మొదటి రోజు క్లీవ్‌లాండ్ జట్టులోని తోటి ఆటగాళ్లలో కొందరు చెయ్యి కలపడానికి కూడా ముందుకు రాలేదు.

డోబీ పుట్టింది దక్షిణ కరొలైనాలోని క్యామ్‌డెన్‌లో, 1923లో. పనికోసం తల్లి ఉత్తరాదికి వస్తే, కుర్రవయసులో ఆమె వెనకే ప్యాటర్సన్ చేరాడు. ఈస్ట్‌సైడ్ హైస్కూల్లో చదివాడు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, పరుగు, అన్నింట్లోనూ ముందుండేవాడు. ఒకసారి ఆ స్కూలు ఫుట్‌బాల్ జట్టును ఫ్లోరిడాలో ఆడటానికి పిలిచారు, కానీ జట్టులో ఉన్న ఒక్క నల్ల కుర్రాడైన డోబీని ఆడనివ్వబోమన్నారు. పిల్లలంతా ఓటు వేసుకుని, అసలు ప్రయాణమే మానుకున్నారు.

ఆ కుర్రాడి భవిష్యత్తు తేలిన చోటు మాత్రం ఈస్ట్‌సైడ్ పార్కు కాదు. ఊరికి అటు చివర, పసాయిక్ నది 77 అడుగుల ఎత్తు నుంచి దూకే గ్రేట్ ఫాల్స్ పక్కన, కొండ అంచున ఉన్న హించ్‌లిఫ్ స్టేడియం అది. ఈ నీటి బలం చూసే అలెగ్జాండర్ హామిల్టన్ 1790లలో ఇక్కడ పరిశ్రమల ఊరు కట్టించాడు. కాలవలు తవ్వి నీళ్లను మిల్లులకు మళ్లించారు. 1913లో మగ్గాల కార్మికులు నెలల తరబడి సమ్మె కట్టింది ఈ వీధుల్లోనే. మిల్లులు చితికిపోతున్న రోజుల్లో, 1932లో, గుర్రపు నాడా ఆకారంలో ఈ కాంక్రీటు స్టేడియం లేచింది. మరుసటి ఏడే న్యూయార్క్ బ్లాక్ యాంకీస్ అనే నల్లవాళ్ల జట్టుకు ఇది సొంత మైదానం అయింది. జాష్ గిబ్సన్, కూల్ పాపా బెల్, మాంటీ ఇర్విన్ లాంటి మహా ఆటగాళ్లు ఇక్కడ ఆడారు. పెద్ద లీగులు రానివ్వనివాళ్ల ఆట చూడాలంటే జనం ఈ కొండెక్కాల్సిందే.

1942లో న్యూవార్క్ ఈగిల్స్ జట్టువాళ్లు డోబీని ఇక్కడే ఆడించి చూసి తీసుకున్నారు. అప్పటికతనికి 18 ఏళ్లు. కాలేజీ ఆటలకు అర్హత పోకూడదని మొదట్లో లారీ వాకర్ అన్న దొంగపేరుతో ఆడాడు. ఊళ్లోవాళ్ల కళ్లు కప్పడం ఎవరి తరం!

క్లీవ్‌లాండ్‌లో చేరిన మరుసటి ఏడు, 1948 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో డోబీ కొట్టిన హోమ్ రన్‌తో క్లీవ్‌లాండ్ 2-1 తేడాతో గెలిచింది. ఆట అయ్యాక తెల్లవాడైన పిచర్ స్టీవ్ గ్రోమెక్, డోబీ చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫొటో దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆ సిరీస్ క్లీవ్‌లాండ్‌దే. అంతటి మొనగాడు సొంత ఊరికొచ్చి తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనబోతే, ఇరుగుపొరుగువాళ్లు వద్దని సంతకాలు సేకరించారు. మేయర్ కల్పించుకుంటే గాని ఇల్లు దక్కలేదు. ఫ్లోరిడా ప్రయాణం మానుకున్న పిల్లలదీ ఈ ఊరే, సంతకాలు పెట్టిన పెద్దలదీ ఈ ఊరే. ఊరి చరిత్ర చెప్పేటప్పుడు మొదటి కథే చెప్పుకుంటాం, నాకూ అదే ఇష్టం. కానీ ఒకటి చెప్పి ఒకటి దాస్తే లెక్క తేలదు.

ఆ తర్వాత డోబీ ఏడుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు. 1952లో, 1954లో 32 చొప్పున హోమ్ రన్లు కొట్టి లీగ్‌లో మొదటివాడిగా నిలిచాడు. 1978లో షికాగో వైట్ సాక్స్‌కు మేనేజరయ్యాడు. మేజర్ లీగ్‌లో మేనేజరైన నల్లవాళ్లలో రెండోవాడు. అక్కడా రెండే!

1998లో హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను చేర్చుకుంది. ప్యాటర్సన్ పొంగిపోయింది. ఆయన్ను లోకానికి చూపించిన హించ్‌లిఫ్‌కు మాత్రం అంతకు ముందే, 1997లో, తాళం పడింది. ఒక చేత్తో దండ వేస్తూ రెండో చేత్తో ఆయన మైదానాన్ని పాడుబెట్టుకున్నాం. మెట్ల మధ్య చెట్లు మొలిచాయి, గోడల నిండా పిచ్చిరాతలు. 2003లో డోబీ కన్నుమూసేనాటికీ తాళం తియ్యలేదు.

పట్టు వదలని కొందరు ఊరివాళ్ల పుణ్యమా అని 2013లో దానికి జాతీయ చారిత్రక కట్టడం గుర్తింపు దక్కింది. మరుసటి ఏడు గ్రేట్ ఫాల్స్ జాతీయ పార్కు హద్దుల్లోకి వచ్చింది. 2023 మే 19న తలుపులు తెరిచారు. జాకల్స్ అనే బేస్‌బాల్ జట్టు ఇక్కడ ఆడటం మొదలుపెట్టింది. అదే ఏడు డిసెంబరు 13న, డోబీ బతికుంటే నూరేళ్లు నిండే రోజున, ఆయన తరఫున కొడుకు కాంగ్రెస్ బంగారు పతకం అందుకున్నాడు.

స్టేడియం తెరిచాక మా అబ్బాయిని తీసుకెళ్లాను. వానలు పడి నది నిండుగా ఉంది, గేటు దగ్గరే హోరు వినిపించింది. కంచు డోబీని కూడా ఇక్కడికే తెస్తే బాగుండునన్నాడు వాడు. నేను వద్దన్నాను. ఈస్ట్‌సైడ్ పార్కులో పిల్లలు ఆడుకుంటుంటారు. బంతి దారి తప్పితే వెతుక్కుంటూ ఆయన కాళ్ల దాకా వస్తారు.