'చదువు' ఏ అక్షరంతో మొదలవుతుంది?

చాలా ఏళ్ళ క్రితం నాన్నగారు ఫోన్లో అడిగారు: "కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు' నవల బయటి దేశాల లైబ్రరీల్లో ఎక్కడైనా ఉందేమో చూడరా!" మస్కట్‌లో, అల్ మవాలేలోని మా ఫ్లాట్లో కూర్చుని ఒక పెద్ద లైబ్రరీ కేటలాగు తెరిచాను. అందరిలాగే 'సి', 'హెచ్' అంటూ మొదలుపెట్టి పేరు కొట్టాను. ఏమీ రాలేదు. "లేదు నాన్నా" అన్నాను. ఆయన "సర్లే" అని ఊరుకున్నారు.

పుస్తకం ఉంది. నాకే వెతకడం రాలేదు.

దీని వెనక కొంత చరిత్ర ఉంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచింది. పి.ఎల్. 480 కింద మన దేశం కొన్న గోధుమలకి కట్టిన రూపాయల్లో కొంత పుస్తకాలకి ఖర్చు పెట్టారు. మన తెలుగు పుస్తకాలూ అలాగే అక్కడి యూనివర్సిటీలకి చేరాయి. ఆ దశాబ్దంలోనే, ఆ లైబ్రరీలోనే హెన్రియెట్ ఏవ్రమ్ అనే ప్రోగ్రామరు నాయకత్వంలో, కేటలాగు కార్డుని కంప్యూటరు చదవగలిగే 'మార్క్' పద్ధతి తయారైంది. ఒక్కో వివరానికీ ఒక్కో నంబరు: రచయితకి 100, పుస్తకం పేరుకి 245.

అందులో తెలుగు లిపికి మాత్రం చోటు లేదు. పేర్లన్నీ రోమన్ లిపిలోనే, అదీ ఒక నియమం ప్రకారం: 'చ'కి ఒట్టి 'సి', 'ఛ'కి 'సి', 'హెచ్'. పద్ధతిగా చూస్తే సరైనదే. కానీ మనలో ఎవరు అలా రాస్తారు? తర్వాత అరబిక్, చైనీస్, హీబ్రూ లిపులు మార్క్‌లో చేరాయి. ఇక్కడి వీధి బోర్డుల మీది లిపికి దొరికిన చోటు మన లిపికి దొరకలేదు. 1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగు చేరింది. కేటలాగులు మెల్లగా యూనికోడ్‌కి మారాక, 880 నంబరు గడిలో తెలుగు పేరు తెలుగులోనే రాసే వీలు కలిగింది. అయినా పాత రికార్డులు చాలావరకు రోమన్‌లోనే ఉండిపోయాయి.

బీరువాలో ఉన్న పుస్తకం కూడా కేటలాగులో దొరక్కపోతే లేనట్టే లెక్క. రేపు మన పిల్లలు వెతికేదీ నాలాగే 'సి', 'హెచ్' కొట్టి!

ఈ సంగతి నాకు తెలిసేసరికి నాన్నగారు లేరు. అందుకే చెబుతున్నాను: మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా పుస్తకం అడిగితే తెలుగులో ఒకసారి, 'హెచ్' తీసేసి ఒకసారి వెతకండి. ఆ తర్వాతే "లేదు" అనండి.