ఇసుకలో పునాది

రాజమహేంద్రవరమున గోదావరిపై హేవ్‌లాక్ వంతెనను చూచిన శ్రోతలు దాని 56 ఖానాలను లెక్కించియే యుందురు. ఆ స్తంభములు దేనిపై నిలిచినవో యోచించినవారు అరుదు. మేము నేడు ముచ్చటింపదలచినది ఆ కనబడని భాగమును గూర్చియే.

వరదకాలమున ప్రవాహము స్తంభము చుట్టునున్న ఇసుకను కోసికొనిపోవును. వరద తీయగానే మరల కప్పివేయును. కావున పైకి కనబడు నదీగర్భమును నమ్మరాదు. కోత చేరజాలని లోతునకు పునాది దిగవలెను.

ఇందులకు ఉపాయము మన నూతిపనివారిది. ఇసుకపై చట్రమునుంచి, దానిపై గుండ్రని గోడ కట్టి, లోపలి ఇసుకను తోడుదురు. గోడ తన బరువుతోనే దిగును; దిగినకొలది పైన కట్టుదురు. ఒక ప్రక్క అధికముగా తోడినచో నుయ్యి ఒరుగును. నేర్పంతయు అచ్చటనే కలదు. తగిన లోతు చేరిన పిమ్మట అడుగును కాంక్రీటుతో మూసి, పైన స్తంభము లేపుదురు. నీటికై పుట్టిన నుయ్యి బరువు మోయుటకు నిలుచును.

1847లో ధవళేశ్వరము ఆనకట్టను ఆరంభించిన ఆర్థర్ కాటన్, లోతెరుగని ఇసుకలో పునాది నిలుపు విద్యను దేశీయుల పూర్వ కట్టడములనుండియే తమవారు నేర్చిరని నిష్కపటముగా వ్రాసెను. అర్ధశతాబ్దము పిమ్మట వాల్టన్ అను ఇంజనీరు ఆ సూత్రముతోడనే గోదావరిని దాటెను. 1900లో హేవ్‌లాక్ వంతెనపై రైళ్లు నడచినవి. 1997లో దానికి విశ్రాంతి లభించినది.

వంతెనకు మద్రాసు గవర్నరు పేరు పెట్టిరి. పేరులేని నూతిపనివాని విద్య ఇసుక క్రింద ఆ స్తంభములను నేటికిని మోయుచున్నది. మన చరిత్రలో అతనికిని ఒక పుట కేటాయించుట న్యాయమని మా భావము.