డి డ్రైవ్ ఎటు పోయింది?

2008 వేసవి సెలవులు. రాజాంలో మా ఇంటి ముందుగదిలో కూచుని మై కంప్యూటర్ తెరిచి చూస్తే సి డ్రైవ్ ఒక్కటే కనిపించింది. డి, ఇ, ఎఫ్ లేవు. పది నిమిషాల ముందు వరకూ ఉన్నాయి.

చేసింది నేనే. ఆ రోజుల్లో ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళకల్లా సీడీ ఉచితంగా పోస్టులో పంపేవారు. అది చేతికొచ్చాక ఆగలేకపోయాను. ఖాళీగా ఉన్న ఎఫ్ తీసేసి లినక్స్ ఎక్కిద్దామని ప్లాను. తీరా చూస్తే లినక్స్‌లో సి, డి అనే అక్షరాలే ఉండవు. ఎస్‌డిఎ1, ఎస్‌డిఎ2, ఎస్‌డిఎ5 అని ఏవో ఉన్నాయి. ఎస్‌డిఎ2 అన్నదాన్ని తీసేశాను. డి, ఇ, ఎఫ్ మూడింటినీ కడుపులో పెట్టుకున్న ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అదేనని అప్పుడు నాకు తెలీదు.

డి డ్రైవ్‌లో నాన్న మాటలున్నాయి. ఆయన తెలుగు మాస్టారు. బుగత, కంబారి, గుంటడు లాంటి మన వైపు మాటలు ఎక్కడ చెవిన పడినా నోటుపుస్తకంలో రాసుకునేవారు. పుస్తకాలకి చెదలు పడితే, మిగిలినవన్నీ రెండు వేళ్ళతో ఆరేళ్ళపాటు టైపు చేశారు. వాటిని సీడీలో కాపీ చేసి ఉంచాలని, ఇంట్లో కంప్యూటర్ చదువు చదువుతున్న నాకే తట్టలేదు.

"ఏటిరా, ఏటైనాది?" అన్నారు వెనక నుంచి. చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

డిస్క్ ఊడదీసి ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. అతను తగిలించి చూసి, "ఇందులో ఏటీ నేదు మాస్టారూ, ఖాళీయే. కొత్తగా పార్టిషన్ కొట్టి ఫార్మాట్ చేసిచ్చేస్తాను, సాయంత్రం రండి" అన్నాడు. నాన్న నా మొహం చూశారు. నాకేం తెలుసని? అయినా ఆ 'ఖాళీ' అన్న మాట నాకు రుచించలేదు. నలభై జీబీల సరుకు చెరపడానికి కొంతసేపు పడుతుంది కదా, నేను నొక్కిన బటన్‌కి అర సెకను కూడా పట్టలేదు. వద్దని డిస్క్ వెనక్కి తెచ్చేసుకున్నాం. ఆ అర సెకనులో ఏం జరిగిందో తెలుసుకోబోతే 1983 దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఆ ఏడాది మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చింది. లోపల 10 ఎంబీల హార్డ్ డిస్క్, దాన్ని నడపడానికి డాస్ 2.0. ఒకే డిస్కు మీద ఒకటికి మించి ఆపరేటింగ్ సిస్టమ్‌లు కొట్టుకోకుండా ఉండాలంటే ఎవరి వాటా ఎక్కడో రాసి పెట్టాలి. అందుకని డిస్కులో మొట్టమొదటి సెక్టర్‌లో ఓ చిన్న పట్టిక పెట్టారు. సెక్టర్ మొత్తం 512 బైట్లు. అందులో మొదటి 446 మెషీన్ లేవడానికి కావలసిన కోడ్‌కి, చివరి రెండూ సంతకానికి. మధ్యలో మిగిలిన 64 బైట్లే పట్టిక, వరసకి 16 చొప్పున నాలుగు వరసలు. ఏ వాటా ఎక్కడ మొదలు, ఎంత పొడుగు, ఏ రకం అన్నవే అందులో ఉంటాయి. ఈ పేరాలో నేను రాసిన అక్షరాలు ఆ పట్టికలో పట్టవు.

నాలుగు వరసలు చాలనప్పుడు 1987లో డాస్ 3.3 ఓ కిటుకు చేసింది. ఒక వరసని ఎక్స్‌టెండెడ్ అని పేరు పెట్టి, దాని లోపల మళ్ళీ చిన్న చిన్న పట్టికలని గొలుసుగా కట్టింది. మన ఇళ్ళలో డి, ఇ, ఎఫ్ అన్నీ ఆ గొలుసు పూసలే. వైరస్ పట్టినప్పుడల్లా సి ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ ఎక్కించడం మనకి అలవాటు కనక, దాచుకోవలసినవి డిలో పెట్టడం మనకి ఆచారమైంది. నేను తీసేసింది ఆ గొలుసు మొదటి కొక్కేన్ని. పూసలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇది మా జిల్లాల వాళ్ళకి అర్థం కాని విషయమేం కాదు. రాజాం 1950 ఆగస్టు 15 దాకా విశాఖపట్నం జిల్లా. ఆ రోజు నుంచి శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లా. ఇల్లు మాత్రం అక్కడే ఉంది. ఎక్కడో ఉన్న పట్టికలో వరస మారిందంతే. కాకపోతే పోలికని ఎక్కువ లాగకూడదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళిపోయినప్పుడు, దశాబ్దాలుగా అక్కడే బతికిన గిడుగు రామమూర్తి ఆ కలపడం నచ్చక రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఊరు కదలకపోయినా మనిషి కదిలాడు. డిస్కు మీది ఫైలుకి ఆ బాధ లేదు. పట్టికలో తన పేరు లేదని దానికి తెలీదు, పైన ఇంకేదో రాసేదాకా అలా పడి ఉంటుంది.

ఆ రాయడమే ప్రమాదం. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ పేలింది. తైవాన్‌లో చెన్ ఇంగ్-హౌ అనే విద్యార్థి రాసిన, సుమారు ఒక కేబీ ఉండే ప్రోగ్రాం అది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కనక ఆ పేరుతోనే దాన్ని ఎక్కువమంది ఎరుగుదురు. దక్షిణ కొరియా, టర్కీ బాగా దెబ్బతిన్నాయి, మన దేశంలోనూ బోలెడు కంప్యూటర్లు లేవలేదు. కొన్నిటిలో బయాస్ చిప్‌నే పాడుచేసింది. డిస్కు జోలికొస్తే, అది చేసింది మొదటి ఒక్క మెగాబైట్‌ని సున్నాలతో నింపడం. పట్టిక పోయింది, సి డ్రైవ్ మొదలు పోయింది. అంతకన్నా దూరంగా ఉన్న డి డ్రైవ్‌ని అది ముట్టుకోలేదు. డిస్కంతా పోయిందనుకుని ఫార్మాట్ కొట్టించినవాళ్ళు వైరస్ వదిలేసిన పనిని తామే పూర్తి చేసుకున్నారన్నమాట.

మా డిస్క్‌ని తువ్వాలులో చుట్టి చీపురుపల్లి మీదుగా విజయనగరం బస్సులో తీసుకెళ్ళాను. అక్కడ కాలేజీ స్నేహితుడి ఇంట్లో జంపర్ మార్చి వాడి కంప్యూటర్‌కి స్లేవ్‌గా తగిలించాం. క్రిస్టాఫ్ గ్రెనియే అనే ఫ్రెంచాయన రాసి ఉచితంగా ఇచ్చిన టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాం ఉంది. అది పట్టికని నమ్మదు. డిస్కుని మొదటి నుంచి చదువుకుంటూ పోయి, ప్రతి వాటా మొదట్లో ఉండే గుర్తుల కోసం వెతుకుతుంది. నల్ల తెర మీద అంకెలు నడుస్తుంటే ఇద్దరం కదలకుండా కూచున్నాం. చివరికి ఎల్ అనే అక్షరంతో మూడు వరసలు ఆకుపచ్చగా వచ్చాయి. ఎల్ అంటే లాజికల్. మొదటి దాని మీద పి నొక్కితే ఫైళ్ళ పేర్లు బిలబిలా దిగాయి.

పట్టిక తిరగరాసే ముందు నాన్న ఫోల్డర్‌ని వాడి డిస్కులోకి కాపీ చేశాం. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ పిచ్చి ఇంగ్లీషు గుర్తులు. నా గుండె మళ్ళీ జారింది. నాన్న టైపు చేసింది అను ఫాంట్లలో అని, వాడి దగ్గర ఆ ఫాంట్లు లేవని తట్టడానికి చాలాసేపే పట్టింది.

ఇప్పుడు కొత్త కంప్యూటర్లలో జీపీటీ అనే పట్టిక వస్తోంది. పాతదానికి 2 టెరాబైట్లు దాటి లెక్కపెట్టడం రాదు. జీపీటీ తన నకలొకటి డిస్కు చివర కూడా పెట్టుకుంటుంది. 1983లోనే ఈ పని చేసుంటే మరో 64 బైట్లు ఖర్చయ్యేవి.

నాన్న ఫైలు మూడుచోట్ల ఉందిప్పుడు, యూనికోడ్‌లోకీ మార్చాను. మొదటి పేజీలో 'రాజాం, శ్రీకాకుళం జిల్లా' అని ఉంటుంది. 2022లో, మార్చమంటారా అని అడిగాను. "ఉండనీరా, ఆ మాటలన్నీ ఏరినప్పుడు అదే కదా" అన్నారు.