రంధ్రమే ఆయువుపట్టు

శరీరంలో పోయిన మెత్తని కణజాలాన్ని తిరిగి పెంచడానికి ఏ పదార్థం వాడాలన్నదే చాలాకాలం అందరి ఆలోచన. దానిలో రంధ్రాలు ఎలా ఉండాలన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. 1950లలో రొమ్ము శస్త్రచికిత్సల్లో పాలీవినైల్ ఆల్కహాల్ స్పాంజి అమర్చేవారు. దాని రంధ్రాల్లోకి నారలాంటి మచ్చ కణజాలం పాకి, స్పాంజి కుంచించుకుపోయి గట్టిపడేది.

1969లో బోస్టన్‌లో కాలిన గాయాల సర్జన్ జాన్ బర్క్, ఎంఐటీ శాస్త్రవేత్త అయానిస్ యానస్ చేయి కలిపారు. గాయం త్వరగా మానేలా చేసే పొర వాళ్లకు కావాలి. జంతువుల మీద పరీక్షిస్తే ఒక పొర గాయం మూసుకోవడాన్ని బాగా ఆలస్యం చేసింది. విఫలమైందని పక్కన పెట్టేయాల్సిందే, కానీ యానస్ దాన్ని వదల్లేదు. గాయం అంచులు ముడుచుకోవడం ఆగిందనీ, ఆ వ్యవధిలో మచ్చకు బదులు చర్మపు లోపలి పొర వంటిది పెరుగుతోందనీ తేలింది. ఈ చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించే ఘట్టం ఇదే.

ఆ పొర తయారీ ఇలా ఉండేది. ఆవు స్నాయువు నుంచి తీసిన కొలాజెన్‌ను, సొరచేప మృదులాస్థిలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్‌ను పలచని అసిటిక్ ఆమ్లంలో చిలికితే జావలా అవుతుంది. ట్రేలో పోసి గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు పెరుగుతూ కొలాజెన్‌ను తమ సందుల్లోకి నెడతాయి. తర్వాత శూన్యంలో ఆ మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. మంచు ఉన్న చోటల్లా రంధ్రమే. పైన పలచని సిలికాన్ పొర వేస్తారు. లోపల కొత్త కణజాలం పెరిగాక దాన్ని ఒలిచేసి, రోగి సొంత చర్మాన్ని పలచగా అతుకుతారు.

తీవ్రంగా కాలిన పదిమందికి ఇలా చేసిన చికిత్స ఫలితాలు 1981లో వెలువడ్డాయి. రంధ్రాలు సుమారు 20 నుంచి 125 మైక్రోమీటర్ల మధ్య ఉంటేనే గాయం ముడుచుకోకుండా ఆపే గుణం కనిపిస్తుందని 1989లో యానస్ బృందం చూపింది. మరీ చిన్నవైతే కణాలు దూరలేవు, మరీ పెద్దవైతే అవి అంటుకోవడానికి గోడలు చాలవు. 1996లో ఇంటెగ్రా పేరుతో ఈ పొరకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది.

కృత్రిమ పాలిమర్ల దారి వేరు. 1990లలో పాలిమర్ ద్రావణంలో ఉప్పు రేణువులు కలిపి, ఆరాక ఆ ఉప్పును నీటితో కడిగేసి రంధ్రాలు చేసేవారు. ద్రావకం అవశేషాలు కణాలకు హాని చేస్తాయన్న భయంతో 1996లో కార్బన్ డయాక్సైడ్‌తో పొంగించే పద్ధతి వచ్చింది. ఇటు కొలాజెన్ దారిలో, ఆ జావను ఒకే వేగంతో చల్లబరిస్తే రంధ్రాలు ఒకే తీరుగా వస్తాయని 2004లో ఫెర్గల్ ఓబ్రయన్ బృందం నిరూపించింది.

అయినా కొవ్వు, కండరం వంటి మందమైన కణజాలం దగ్గర పని ఆగుతోంది. రక్తకేశనాళిక నుంచి దూరం దాదాపు 200 మైక్రోమీటర్లు దాటితే కణాలకు ఆక్సిజన్ అందదు. అందుకే కొందరు ప్రకృతి అల్లిన చట్రాన్నే తీసుకున్నారు. 2008లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎలుక గుండెలోని కణాలను డిటర్జెంట్‌తో కడిగేసి, రక్తనాళాల దారులతో సహా మిగిలిన చట్రంలో కొత్త కణాలు నింపారు. ఎనిమిదో రోజుకు అది రక్తాన్ని తోసే శక్తి చూపింది, అయితే పెరిగిన ఎలుక గుండె శక్తిలో అది 2 శాతమే.