చలిలో పరిగెత్తితే ఊపిరి ఆడట్లేదా? స్టామినా లేదని వదిలేయొద్దు.. ఆగాక ఏమవుతుందో చూడండి!

చలికాలంలోనూ తెల్లవారకముందే గ్రౌండ్లు రన్నింగ్ చేసేవాళ్లతో కిటకిటలాడుతుంటాయి. పోలీసు ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లూ వారిలో ఉంటారు. ఎండాకాలంలో లేని ఇబ్బంది కొందరికి ఈ సీజన్‌లోనే మొదలవుతుంది. ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, దగ్గు ఆగదు. ‘మనకు దమ్ము చాలట్లేదు’ అని సరిపెట్టుకుంటారు. కానీ అసలు కారణం శ్వాసనాళాలు బిగుసుకుపోవడం కావచ్చు.

చలిలోనే ఎందుకిలా?

ముక్కుతో పీల్చిన గాలి ఊపిరితిత్తులకు చేరేలోపే వెచ్చబడి, తేమ పట్టుకుంటుంది. పరుగులో ఆ గాలి చాలదు కాబట్టి నోటితో పీలుస్తాం. అప్పుడు చల్లటి పొడి గాలి నేరుగా లోపలికి వెళ్లి శ్వాసనాళాల్లోని తేమను లాగేస్తుంది. దాంతో వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లలో ఈ సమస్య ఎక్కువ. ఆస్తమా లేనివాళ్లకూ రావచ్చు. పొగ, దుమ్ము తోడైతే మరీ ఇబ్బంది. చలికాలం ఉదయాల్లో నగరాల్లో పొగ పైకి పోకుండా నేల దగ్గరే నిలిచిపోతుంటుంది.

ఎత్తు ఎక్కితే ఆయాసం మామూలేనా?

అలిపిరి మెట్లు ఎక్కినా, కొండ దారిలో పరిగెత్తినా ఒంటి బరువును పైకి మోయాలి. కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే రోజూ నడిచేవాళ్లకు కూడా రొప్పు వస్తుంది. ఇది జబ్బు కాదు.

తేడా తెలుసుకోండిలా..

* మామూలు ఆయాసం: ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. దగ్గు, పిల్లికూతలు ఉండవు.
* శ్వాసనాళాలు బిగుసుకుంటే: చాలామందికి పరుగు ఆపాక 5 నుంచి 10 నిమిషాల్లో ఇంకా ఎక్కువవుతుంది. పిల్లికూతలు, పొడి దగ్గు వస్తాయి. తగ్గడానికి అరగంట నుంచి గంట పట్టొచ్చు.
* గుండె సమస్య అయితే: ఎత్తు ఎక్కుతుంటే ఛాతీలో బరువు, నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతుంది. నొప్పి దవడకు, ఎడమ చేతికి పాకవచ్చు. చలిలో రక్తనాళాలు కుంచించుకుంటాయి కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ. ఆగితే తగ్గిపోయింది కదా అని ఊరుకోకూడదు.

కొద్ది మెట్లకే ఆయాసం, నీరసం వస్తుంటే రక్తహీనత కూడా కారణం కావచ్చు. ముఖ్యంగా మహిళలు హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకోవాలి.

ఏం చేయాలి?

* పరుగుకు ముందు 10 నుంచి 15 నిమిషాలు వార్మప్ చేయండి. మధ్యమధ్యలో చిన్న చిన్న స్పీడ్ పరుగులు తీస్తే మంచిది.
* ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ లేదా పలుచటి గుడ్డ కట్టుకోండి. పీల్చే గాలి కాస్త వెచ్చబడుతుంది.
* మంచు, పొగ ఎక్కువగా ఉన్న రోజు ఎండ వచ్చాక పరిగెత్తండి.
* ఎత్తులో స్పీడ్ తగ్గించి చిన్న అడుగులు వేయండి. జలుబు, జ్వరం ఉంటే ఆ రోజు మానేయండి.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

ఆగాక ఆయాసం పెరగడం మళ్లీ మళ్లీ జరుగుతుంటే ఊపిరితిత్తుల డాక్టర్‌ను కలవాలి. కూర్చుని ఉన్నప్పుడు చేసిన స్పైరోమెట్రీ నార్మల్‌గా రావచ్చు. అందుకే అవసరమైతే పరిగెత్తించాక మళ్లీ ఊదిస్తారు. సమస్య తేలితే పరుగుకు ముందు వాడే ఇన్‌హేలర్ రాస్తారు. ఫ్రెండ్ వాడుతున్నాడని మీరూ వాడొద్దు.

ఈ సమస్య ఉంటే పరుగు మానేయాల్సిందేనా? అక్కర్లేదు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కు చిన్నప్పటి నుంచే ఇలాంటి ఆస్తమా ఉంది. అయినా 2003 లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు సృష్టించారు.

అయితే పెదాలు నీలంగా మారినా, మాట కూడా రానంత ఆయాసం ఉన్నా, స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.