వివరంగా రాయి!

పెళ్ళైన కొత్తలో మా అమ్మ ప్రతి ఉత్తరం చివరా "అన్నీ వివరంగా రాయి" అని రాసేది. నేనూ రాసేదాన్ని. వంటింటి కిటికీ ఏ వైపుందో, పాలు లీటరెంతో, పక్కవాటా వాళ్ళకి పిల్లలెందరో... నాలుగేసి పేజీలు! ఒకసారి జవాబుగా కార్డుముక్క వచ్చింది. "ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వెలా ఉన్నావో మాత్రం ఎక్కడా కనబడలేదు."

అది పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో!

చాలా ఏళ్ళ తర్వాత ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలిశాయి. సంస్కృతంలో "వృ" అంటే కప్పడం. ముందు "ఆ" చేరితే ఆవరించడం, "వి" చేరితే వివరించడం. అంటే మూత తీయడమన్నమాట! అందుకే సంస్కృతంలో "వివరం" అంటే కన్నం, బిలం అని కూడా అర్థం. కర్ణవివరమంటే చెవి రంధ్రమే. పెళ్ళి సంబంధాల వివరాలు కనుక్కునేవాళ్ళు కన్నంలోంచి చూసినట్టే చూస్తారు గదా, మాట ఊరికే రాలేదు!

మన ఆడవాళ్ళ నోట పలికే తెలుగులోనూ ఇదే భావం. "విప్పి చెప్పు" అంటాం. "అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు" అంటాం. ముడి విప్పడం, తొక్క తీయడం. కొత్తగా చేర్చేదేమీ లేదు.

ఈ రహస్యం బాగా తెలిసినవాడు మన మెతుకుసీమ కొల్చారం పేరు ఇంటిపేరుగా మోసిన కోలాచల మల్లినాథసూరి. 14, 15 శతాబ్దాల నాటివాడు. రఘువంశం మొదలు నైషధం దాకా పంచకావ్యాలకూ, మేఘసందేశానికీ వ్యాఖ్యలు రాశాడు. శ్లోకంలో చెదిరిన మాటలకు అన్వయం కుదిర్చి, కోశాలు సాక్ష్యం చూపించి, అర్థం చెబుతాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చుకున్నాడు. అంత పండితుడికి తెలిసినవన్నీ కుమ్మరించాలని ఉండదా? అయినా నిగ్రహించుకున్నాడు.

నేను చేసిందేమిటి? వర్ణించాను. కిటికీలూ, పాలూ, పక్కవాటా పిల్లలూ అన్నీ కప్పడానికే పనికొచ్చాయి.

ఆ కార్డుకు జవాబు అరపేజీ కూడా రాలేదు. అందులో కిటికీ లేదు, పాల ధర లేదు.

అది అందిన మర్నాడే అమ్మ బస్సెక్కి వచ్చేసింది.